పలాస ఎక్కడ ముగుస్తుంది, కాశీబుగ్గ ఎక్కడ మొదలవుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

క్రిందటి సంచికలో జీడిపప్పు పాకం గురించి జవాబు రాస్తూ మాటవరుసకు పలాస–కాశీబుగ్గ పురపాలక సంఘం పేరు ఎత్తాను. పాకం సంగతి పక్కన పెట్టి పాఠకులు ఊరి సంగతే అడగడం మొదలుపెట్టారు. వచ్చిన ఉత్తరాలలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగినవి తీసివేసి, మిగిలిన వాటికి ఈ నెల శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాను. వేరే విషయాల మీద రాసినవారు వచ్చే నెల వరకు ఓపిక పట్టాలని మనవి.

ప్రశ్న: పలాస, కాశీబుగ్గ అని రెండు పేర్లు కలిపి ఎందుకు రాస్తారు? అవి రెండు ఊళ్లా, ఒకే ఊరా? రైలులో ఎన్నోసార్లు ఆ మీదుగా వెళ్లాను గాని కాశీబుగ్గ అనే బోర్డు ఎక్కడా కనబడలేదు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, రైలులో వెళ్లేవారికి కాశీబుగ్గ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉన్న ఆ స్టేషనుకు పెట్టిన పేరు పలాస. కాశీబుగ్గ పేరు వినాలంటే రైలు దిగి బజారుకు పోవాలి. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు పెరిగి పెరిగి అంచులు కలిసిపోయాక ఒకే పురపాలక సంఘంగా ఏర్పడ్డాయి, పేరులో మాత్రం ఏదీ రెండోదానికి చోటు వదులుకోలేదు. ప్రభుత్వ కార్యాలయాలు కూడా ఎవరినీ నొప్పించకుండా పేర్లు పంచుకున్నాయి. మండలం పలాస, శాసనసభ నియోజకవర్గం పలాస, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో ఏర్పడిన రెవెన్యూ డివిజను కూడా పలాసే. పోలీస్ స్టేషను, డీఎస్పీ గారి సబ్ డివిజను మాత్రం కాశీబుగ్గ. గట్టు తగాదా వస్తే పలాసకు, ఆ తగాదా ముదిరి కర్రలు లేస్తే కాశీబుగ్గకు అర్జీ రాసుకోవాలన్నమాట.

పేర్ల అర్థం కూడా అడిగినవారున్నారు. బుగ్గ అంటే నీటి ఊట, పలాశమంటే మోదుగ. ఇంతకు మించి పేర్లతో చరిత్ర అల్లడం ఈ శీర్షికకు అలవాటు లేదు.

అసలు చరిత్ర రైలు పట్టాలతో ముడిపడి ఉంది. విజయవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను 1893–1896 మధ్య పడింది. అంతకు ముందు ఈ చుట్టుపక్కల పేరున్న ఊళ్లు వేరు: జమీందారుల కోట ఉన్న మందస, ఓడలు ఆగే బారువ రేవు, ఉప్పు పండే నౌపడ. రైలు వచ్చిన తరువాత సరుకు రేవు వైపు పోవడం తగ్గి స్టేషను వైపు తిరిగింది. ఎక్కడ బండి ఆగితే అక్కడ గోదాము, గోదాము పక్కన దుకాణం, దుకాణం వెనక ఇల్లు వెలిశాయి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు కూడా పడింది గాని, ప్రధాన లైను మీద ఉన్న ఊరికి వచ్చిన కళ వేరు. శ్రీకాకుళం నుంచి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉండడం కూడా ఈ ఊరికి కలిసివచ్చిందని నా అభిప్రాయం: జిల్లా కేంద్రానికి ఒక్క పూటలో పోయి రావడం కష్టమైన పల్లెలకు దగ్గరలో ఒక బజారు కావాలి, ఆ బజారు ఇదే అయింది.

ఇక పాలన సంగతి చెప్పాలంటే ఈ నేల చాలా చేతులు మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది; ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది; 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. అంటే ఆ ఊళ్లో పుట్టి ఎనభై ఏళ్లు పైబడిన ముసలాయన ఉన్న చోటు నుంచి కదలకుండానే రెండు జిల్లాలు చూశాడు, ఆయన తండ్రి మూడు చూశాడు. స్టేషను సంగతి ఇంకా తమాషా: ఆంధ్ర నేల మీద ఉండి కూడా చాలా కాలం ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజను ఏలుబడిలో ఉంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. పొలాలు, తోటలు, పశువుల శాలలు కనబడే ఊరిని పురపాలక సంఘం అని ఎలా అంటారు? మా బొబ్బిలికి ఉన్నట్టు కోట, యుద్ధ చరిత్ర కూడా లేవు. అక్కడ అధికారం అసలు ఎవరి చేతిలో ఉంటుంది?
– ఒక విద్యార్థి, బొబ్బిలి

జవాబు: బాబూ, కోట ఉండడం పురపాలక సంఘానికి అర్హత కాదు. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధం గొప్పదే గాని, దానివల్ల మీ ఊరికి ఒక కుళాయి కూడా ఎక్కువ రాలేదు. 1992లో ఆమోదం పొందిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలనను మూడు మెట్లుగా విడదీసింది: పల్లెతనం వదలి పట్నంగా మారుతున్న చోటికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి పురపాలక సంఘం, పెద్ద నగరానికి నగరపాలక సంస్థ. జనాభా, జనసాంద్రత, పన్నుల రాబడి, వ్యవసాయేతర పనులలో ఉన్నవారి శాతం చూసి రాష్ట్రం నిర్ణయం తీసుకుంటుంది. 2011 జనగణన ప్రకారం పలాస–కాశీబుగ్గ జనాభా 57,507. మీ బొబ్బిలి జనాభా కూడా దాదాపు అంతే. పశువుల శాల ఉన్నంత మాత్రాన పట్టణం కాకుండా పోదు.

పట్టణంలో 31 వార్డులు ఉన్నాయి. వార్డుకు ఒక కౌన్సిలరును ఓటర్లు ఎన్నుకుంటారు, ఆ కౌన్సిలర్లు తమలో ఒకరిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. కమిషనరు ప్రభుత్వం నియమించే అధికారి. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం కింద రోజువారీ పాలన, సిబ్బంది, సంతకాలు ఆయన చేతిలో ఉంటాయి. తీర్మానం ఒకరిది, అమలు ఇంకొకరిది. 2019లో వచ్చిన వార్డు సచివాలయాలు మూడో గుమ్మం. కాలువ పూడిక తీయించుకోవాలంటే ఈ మూడు గుమ్మాలలో దేనిని ముందు ఎక్కాలో మీకు పరీక్షలో అడగరు గాని, బతుకులో అడుగుతారు.

పరీక్షకు పనికివచ్చే మరొక మాట. చట్టబద్ధమైన పాలకమండలి లేకపోయినా జనగణనలో పట్టణంగా లెక్కించడానికి వేరే కొలబద్ద ఉంది: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే పురుషులలో 75 శాతం వ్యవసాయేతర పనులలో ఉండడం. ‘పురుషులలో’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. వెయ్యి మంది మగవారికి 1,015 మంది ఆడవారు ఉన్నట్టు 2011లో తేలిన జిల్లా మనది. అందులోనూ ఆడవారి చేతి పని మీద నిలబడిన పట్టణం గురించి మాట్లాడుకుంటున్నాం. పలాస–కాశీబుగ్గకు ఆ కొలబద్ద అవసరం పడలేదు గాని, ఊరికి పట్నం రూపు తెచ్చిన చేతులను ఆ కొలబద్ద అసలు కొలవదు. ఆ చేతుల సంగతే తరువాతి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: దుకాణంలో జీడిపప్పు డబ్బాల మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసి ఉంటుంది. ఎక్కువ అంకె ఉన్నది మంచిదని కొన్నాను, పప్పు చిన్నగా ఉంది. ఈ అంకెల అర్థమేమిటి? ఊళ్లోనే తయారవుతున్నా అంత ధర ఎందుకు?
– ఒక గృహిణి, రాజాం

జవాబు: అమ్మా, అంకె పెరిగితే పప్పు తగ్గుతుంది. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. డబ్ల్యూ 180 అంటే పౌనుకు 180 మించవు, ఒక్కొక్కటి బొటనవేలంత ఉంటుంది. 320 అంటే 300 నుంచి 320 వరకు తూగుతాయి. రుచిలో తేడా లేదు. పాయసానికి, కూరకు 320 చాలు. పొడి చేసి వాడేవారు బద్ద గాని నూక గాని కొనుక్కుంటే డబ్బు మిగులుతుంది. పెళ్లివారి పళ్లేలలో పెట్టడానికి తప్ప 180తో పని లేదని నా ఉద్దేశం.

ధర సంగతికి వచ్చే ముందు పేరు సంగతి చెప్పనివ్వండి. మన పెద్దలు జీడి అన్నది నల్లజీడిని. దాని రసంతోనే చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టేవారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి కొత్త చెట్టును తెచ్చినప్పుడు, దాని గింజ తొక్కలోనూ అలాగే ఒంటిని పొక్కించే రసం ఉండడం చూసి, చెట్టును మామిడి జాతికి కలిపి, తెలుగువారు జీడిమామిడి అన్నారు. ముంతమామిడి అని కూడా అంటారు. వృక్షశాస్త్రం చదవకుండానే మనవారు పెట్టిన ఈ పేరును శాస్త్రం తప్పు పట్టలేదు: నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి.

ఆ పొక్కించే రసమే ధరకు మొదటి కారణం. చిన్నప్పుడు తోటలో ఏరిన పిక్కను కాల్చకుండా పళ్లతో కొరికి వారం రోజులు పెదవులు వాచి తిరిగినవాణ్ణి నేను. జీడి పిక్క తొక్కకు రెండు పొరలు ఉంటాయి, వాటి మధ్య తేనెపట్టు గదుల వంటి అరలలో నూనె నిండి ఉంటుంది. లోపలి పప్పుకు ఆ నూనె అంటకుండా, పప్పు విరగకుండా బయటికి తీయాలి. ఎండబెట్టిన పిక్కలను పూర్వం మంట మీద డ్రమ్ములలో వేయించేవారు, ఊరంతా నల్లని పొగ కమ్మేది. ఇప్పుడు ఆవిరి మీద ఉడకబెట్టి, చల్లారాక, కాలితో తొక్కుతూ చేతితో పట్టే కత్తి యంత్రం మీద ఒక్కొక్క పిక్కను రెండుగా చీలుస్తారు. ఆ పనిచేసేవారి చేతులు చూస్తే గోళ్ల చుట్టూ నల్లబడి ఉంటాయి. నూనె రాసుకున్నా బూడిద పూసుకున్నా రసం తన పని తాను చేసుకుపోతుంది. చీల్చగా వచ్చిన పప్పుకు ఎర్రని పలుచని పొట్టు అంటుకుని ఉంటుంది. దానిని వేడి గదులలో గంటల తరబడి ఆరబెడితే పొట్టు సడలుతుంది. అప్పుడు మొదలవుతుంది పీలింగ్.

ఈ పీలింగ్ ఆడవారి పని. వరుసలుగా కూర్చుని, వేళ్లతోను, చిన్న చాకు మొనతోను, పప్పు విరగకుండా, గీత పడకుండా పొట్టు తీస్తారు. కూలి కిలో లెక్కన ఉంటుంది. గుండు పప్పు విరిగి బద్ద అయితే ధర పడిపోతుంది, బద్ద విరిగి నూక అయితే ఇంకా పడిపోతుంది; యజమాని లాభనష్టాలు ఆ ఆడమనిషి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉంటాయి. పలాస–కాశీబుగ్గలోను, చుట్టుపక్కలా రెండు వందలకు పైగా జీడి పరిశ్రమలు ఉన్నాయి. చీల్చే యంత్రాలు, పొట్టు తీసే యంత్రాలు, రంగును బట్టి పప్పును వేరు చేసే యంత్రాలు కూడా వచ్చాయి. అయినా యంత్రం వదిలేసిన పొట్టును గోటితో తీయడానికి, చివరిసారి కంటితో చూసి గ్రేడు నిర్ణయించడానికి మనిషే కావాలి. పిక్కల బస్తా 80 కిలోలు తూగితే అందులో నుంచి చేతికి వచ్చే పప్పు ఇరవై కిలోలకు కాస్త పైన. మిగిలినది తొక్క. ఆ తొక్క నుంచి తీసిన నూనె వాహనాల బ్రేకుల లైనింగులకు, రంగుల తయారీకి పోతుంది గాని, దాని రాబడి పప్పు ధరను దించేంత కాదు. నాలుగు బస్తాల బరువులో ఒక బస్తా మాత్రమే తినే వస్తువు అయినప్పుడు, ఆ ఒక్క బస్తా అయిదారు మంది చేతులు దాటి వచ్చినప్పుడు, ఊళ్లోనే తయారైనా ధర ఊరుకోదు.

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు మండలం. పదిహేనేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను. నాన్నగారికి రెండెకరాల జీడి తోట ఉంది. పిక్కలకు ధర లేదని ఆయన అంటారు. పిక్కలు చాలడం లేదని పలాస పరిశ్రమలవారు అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?
– ఒక ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: ఇద్దరి మాటా నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. మన ప్రాంతపు జీడిమామిడి మార్చి నుంచి మే వరకు, మహా అయితే జూన్ మొదటి వారం వరకు కాస్తుంది. పరిశ్రమకు పని ఏడాది పొడుగునా కావాలి. ఉద్దానం, అంటే పలాస నుంచి ఇచ్ఛాపురం వరకు ఉన్న తోటల ప్రాంతం, పిక్కలు అయిపోయాక బాయిలర్లు చల్లారకుండా ఉండాలంటే ఐవరీ కోస్ట్, బెనిన్, గినియా బిస్సావ్, టాంజానియా దేశాల నుంచి ఓడల మీద వచ్చే పిక్కలను కొనవలసిందే. దేశం మొత్తం మీద పరిస్థితి ఇంతే. మన కర్మాగారాల ఆకలి మన తోటల పంట కంటే చాలా పెద్దది. ఒకసారి బయటి సరుకు అలవాటయ్యాక, మన పంట చేతికి వచ్చే నాటికి గోదాములో ఆఫ్రికా పిక్క నిలవ ఉంటే, మీ నాన్నగారి బస్తా ముందు నిలబడిన వ్యాపారికి తొందర ఉండదు. విదేశీ పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. పరిశ్రమ వైపు నుంచి చూస్తే అది ఊపిరి, తోట వైపు నుంచి చూస్తే పోటీ.

వరికి ఉన్నట్టు జీడి పిక్కలకు కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర లేదు. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు ఇటీవలి సంవత్సరాలలో అడుగుతున్నది అందుకే. ప్రతి ఏటా కోత కాలంలో ధర్నాలు, చర్చలు, ఒక అంకె, మళ్లీ మరుసటి ఏడాది అదే వరుస. పప్పు అమ్ముడుపోక నిలవలు పెరిగినప్పుడు పరిశ్రమలు కొన్నాళ్లు మూతపడతాయి. అప్పుడు పీలింగ్ చేసే ఆడవారికి కూలి ఉండదు. రైతు, యజమాని, కూలీ ముగ్గురూ ఒకే పిక్క మీద బతుకుతూ ముగ్గురూ ఒకరినొకరు అనుమానంగా చూసుకునే స్థితి ఇది. నాకు ఒకవైపు చెప్పమంటే రైతు వైపే చెబుతాను. పరిశ్రమకు ఆఫ్రికా ఉంది, మీ నాన్నగారికి పలాస తప్ప వేరే బజారు లేదు.

మీరు అడగకపోయినా తిత్లీ తుపాను సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ ధర గొడవలో సగం అక్కడ మొదలైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది; గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు నడుములు విరిగి పడిపోయాయి, జీడిమామిడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ నాటుకుంటాం. అంటు కట్టిన జీడి మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగు సంవత్సరాలు పడుతుంది, నిండు కాపుకు ఇంకా చాలా ఏళ్లు. ఒక్క పూట గాలి తోటల లెక్కను పదేళ్లు వెనక్కి తీసుకుపోయింది, ఆ ఖాళీలో దిగుమతి పిక్క ఇంకా గట్టిగా కాళ్లూనింది. చెట్లు పడిన పొలాలు పురపాలక సంఘం హద్దుకు బయట ఉన్నాయి, పని పోయిన ఇళ్లు హద్దుకు లోపల కూడా ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయికి కాశీబుగ్గ సంబంధం వచ్చింది. అబ్బాయి గుణవంతుడు, కుటుంబం మంచిది. కాని ‘ఉద్దానం వైపు పిల్లనిస్తావా, అక్కడి నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయి’ అని మా తోటికోడలు భయపెడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: తల్లీ, ఈ ప్రశ్న అడిగినందుకు మిమ్మల్ని తప్పు పట్టను. ఇలాంటి మాటలతో ఉద్దానంలో ఎన్నో సంబంధాలు ఆగిపోయాయి, అడగకుండానే తిప్పి పంపినవారి కంటే మీరు నయం.

ముందు నిజం చెబుతాను. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల పల్లెలలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి చాలా ఎక్కువ. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా వస్తుంది. ఎక్కువగా ఎండలో పనిచేసే వ్యవసాయ కూలీలకు, రైతులకు వస్తుంది. లక్షణాలు కనబడే నాటికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులలోను, మధ్య అమెరికా చెరుకు కోత కూలీలలోను ఇలాంటి వ్యాధే ఉంది. నీరు, నేల, ఎండదెబ్బ, పురుగుమందులు, వంశపారంపర్యం అంటూ పరిశోధకులు ఎన్నో దారులు వెతికారు గాని, ఇదీ కారణమని ఒక్కదాని మీద వేలు పెట్టి చూపలేకపోయారు. కాబట్టి నీళ్లే కారణమని మీ తోటికోడలు అంత నిశ్చయంగా చెప్పడం, శాస్త్రవేత్తలు చెప్పలేనిది ఆమె చెప్పడమే. ఇది అంటువ్యాధి కాదు. కాశీబుగ్గలో కాపురం పెట్టినంత మాత్రాన వచ్చి తీరుతుందని లేదు.

ఇప్పుడు జరిగిన మార్పులు చెబుతాను. హిరమండలం దగ్గర వంశధార జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఉద్దానానికి శుద్ధి చేసిన నీరు తీసుకురావడానికి సుమారు 700 కోట్ల రూపాయలతో కట్టిన పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. అంతకు ముందు పెద్ద వైద్యం కావాలంటే సుమారు 190 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం పోవలసి వచ్చేది. దగ్గరలో డయాలిసిస్ కేంద్రాలు లేని రోజులలో, వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్ అవసరమైన మనిషికి ఆ దూరం ఏ పాటిదో ఊహించండి. కూలి పోయేది, తోడు వచ్చినవారి కూలీ పోయేది, ఇంటిలో అమ్ముకోవడానికి మిగిలినది ప్రయాణానికి పోయేది. ఇప్పుడు ఆ పల్లెల వాళ్లు పలాస వస్తున్నారు. జీడి బస్తాల కోసం పుట్టిన బజారు వైద్యం కోసం వచ్చే ఊరుగా కూడా మారింది. ఇది ఊరు కోరుకున్న పెద్దరికం కాదు.

ఇక మీ అమ్మాయి సంగతి. సంబంధం నచ్చితే చేసుకోండి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష అబ్బాయికి చేయించమని అడగడం మీకు మొహమాటంగా ఉంటే, ఇద్దరికీ ఒకేసారి చేయిద్దామని చెప్పండి. అప్పుడు అది అనుమానంలా కనబడదు. పెళ్లయ్యాక కూడా ఏడాదికి ఒకసారి ఆ పరీక్ష చేయించుకోవడం, ఒళ్లు నొప్పులకు దుకాణంలో నొప్పి మాత్రలు కొని ఇష్టానుసారం మింగకపోవడం కాశీబుగ్గలోనే కాదు, మీ ఆమదాలవలసలోనూ మంచిదే. ఆ మాత్రలు మూత్రపిండాలకు చేసే చెరుపు గురించి మాత్రం ఏ పరిశోధకుడికీ సందేహం లేదు.

ప్రశ్న: మేము బరంపురంలో స్థిరపడిన తెలుగువాళ్లం. పలాస బజారులో దుకాణదారుడు నాతో ఒడియాలో మాట్లాడాడు, ఆయన తెలుగువాడే. ఇది వ్యాపారం కోసమా, ఇళ్లలో కూడా మాట్లాడతారా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: రెండూనండి. 1936లో గీసిన సరిహద్దు గీత మనుషుల నోళ్ల మధ్య నుంచి పోలేదు. మీరు అటు తెలుగు మాట్లాడుతూ మిగిలినట్టే ఇటు ఒడియా మాట్లాడుతూ మిగిలినవారు ఉన్నారు. ఇచ్ఛాపురం వైపు పోయేకొద్దీ వారి సంఖ్య పెరుగుతుంది. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ నడుస్తాయి, ఉద్దానం పనసకాయలు లారీల మీద ఒడిశా పోతాయి. మందస కొండల నుంచి సవరలు దిగి వచ్చి అమ్ముకునేటప్పుడు మూడో భాష కూడా బజారులో వినబడుతుంది. దానిని నేర్చుకున్న దుకాణదారులు మాత్రం తక్కువ. సవర రైతు తెలుగు నేర్చుకుని దిగుతాడు గాని, కొనేవాడు సవర నేర్చుకుని ఎదురుపోడు. మూడు భాషల బజారు అని మనం గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ నేర్చుకునే కష్టం ఎవరి మీద పడిందో కూడా చెప్పుకోవాలి.

ప్రశ్న: ఒక్క రోజు సెలవు ఉంది. పిల్లలతో పలాస వెళితే చూడవలసినవి ఏమిటి?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: ఊళ్లో చూడవలసింది బజారే, మిగిలినవన్నీ ఊరి చుట్టూ ఉన్నాయి. ఉదయం మందస వెళ్లి వాసుదేవ పెరుమాళ్ ఆలయం చూసి, అక్కడి కోవా తిని, ఆకాశం తేటగా ఉంటే దూరాన 1,501 మీటర్ల మహేంద్రగిరిని పిల్లలకు చూపించండి. శిఖరం ఒడిశాలోనిది, చూపుకు సరిహద్దు లేదు. మధ్యాహ్నం నుంచి అక్కుపల్లి సముద్ర తీరం. లోతు సంగతి తెలియని తీరం కాబట్టి పిల్లలను నీళ్లలోకి దింపవద్దు. వేసవిలో వెళితే దారిలో పచ్చి జీడిపప్పు కూర పెట్టే ఇల్లు ఎవరిదైనా తెలిసి ఉండాలి. హోటలు కూర దాని ముందు నిలవదు.

ప్రశ్న: పలాస స్టేషనులో రైలు ఆగినప్పుడు కిటికీ దగ్గరకు వచ్చి అమ్మే జీడిపప్పు పొట్లాలు కొనవచ్చా? ఒకసారి కొంటే పైన గుండు, కింద నూక వచ్చింది.
– ఒక ప్రయాణికుడు, సాలూరు

జవాబు: పొట్లం విప్పి చూపించమని అడిగే లోపల రైలు కదులుతుంది, ఆ సంగతి అమ్మేవారికి తెలుసు. అందరూ అలాంటివారు కాదు గాని, ఎవరు ఎలాంటివారో తేల్చుకోవడానికి మీకున్నది నాలుగైదు నిమిషాలు. దిగే పని ఉంటే కాశీబుగ్గ బజారుకు వెళ్లి, మూత తీసిన డబ్బాలో నుంచి తూకం వేయించుకోండి. ఒక పప్పు విరిచి చూడండి. టప్‌మని విరిగితే బాగా ఆరినది, వంగితే తేమ ఉన్నది. పసుపు మచ్చలు, కారు వాసన ఉంటే తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక గాలి చొరని సీసాలో పోసి, వేసవిలో అయితే ఫ్రిజ్‌లో పెట్టండి. పాకం పట్టే రోజున మాత్రం గంట ముందే బయటకు తీసి ఉంచాలి, చల్లని పప్పు మీద పాకం నిలవదు.